సోమవారం నీళ్ళు

అశోక చక్రవర్తి బాటలకు ఇరువైపులా చెట్లు నాటించాడని చిన్న తరగతుల్లో మనమంతా చదువుకున్నాం. బట్టీ పట్టాం, పరీక్షలో రాశాం, మార్కులూ తెచ్చుకున్నాం. అయితే ఆ మొక్కలకు నీళ్ళెవరు పోశారు? ఈ ప్రశ్న ఏ మాస్టారూ అడిగిన పాపాన పోలేదు, ఏ క్వశ్చన్ పేపర్లోనూ రాలేదు. నాకూ ఇన్నాళ్ళూ తట్టలేదు. గత మే నెలాఖరున ఒక శని, ఆదివారాలు ఆనందపురం అవతల ఓ తోటలో గడిపి వచ్చాకనే తట్టింది. ఆ రెండు రోజుల ముచ్చటా, దాని వెంట వచ్చిన ఆలోచనా ఈ సంచిక ద్వారా మిత్రులతోనూ, గురువులతోనూ, పూర్వ విద్యార్థులతోనూ పంచుకుందామని ఈ ప్రయత్నం. ఇది వృక్షశాస్త్ర వ్యాసం కాదు. ఎక్కడైనా పొరపాటు దొర్లితే ఆ శాఖవారు మన్నింతురు గాక!

పరీక్షలయిపోయాయి. హాస్టల్ ఖాళీ అవుతోంది. మా రూమ్మేటు, "మా మావయ్య తోటింటికి పోదాం రండిరా. రెండ్రోజులు హాయిగా తోటపని చేసుకుందాం" అన్నాడు. హాయికీ తోటపనికీ పొత్తు ఎలా కుదురుతుందో మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు. ఒక్కడికి వచ్చింది గానీ, వాడు పైకి చెప్పలేదు. వాడి సంగతి తర్వాత చెబుతాను.

నలుగురం మద్దిలపాలెంలో తగరపువలస బస్సెక్కాం. నర్సరీలో కొన్న డజను మొక్కలు కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. హనుమంతవాక, మధురవాడ, కొమ్మాది దాటుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. తోటలుండే చోట అపార్టుమెంట్లు లేచాయి. వాటి ముందు, ప్రకృతి ఒడిలో కాపురం పెట్టండని పిలిచే బోర్డులు. ప్రకృతిని కొట్టేసి దాని పేరు బోర్డు మీద రాయడం మన కాలపు మర్యాద కాబోలు!

ఆనందపురం అనగానే మన ఊరివాళ్ళకి పూలమార్కెట్టు గుర్తుకొస్తుంది. ఆ మార్కెట్టు దాటి, మెయిన్ రోడ్డు దిగి, ఎర్రమట్టి దారిన అరగంట నడిస్తే తోట. మూడెకరాలుంటుంది. సువర్ణరేఖ మామిళ్ళు ఓ పాతిక, గట్టు మీద తాటిచెట్లు, నడుమ పెంకుటిల్లు, ఒక నుయ్యి, నుయ్యి ఎండిపోయాక వేయించిన బోరు. మావయ్యగారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నెలకి రెండుసార్లు వచ్చి చూసి వెళతారు. తోటని నిజంగా చూసేది అరవై దాటిన ఒక తాత. మేం వెళ్ళేసరికి గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మా చేతుల్లో మొక్కలు చూసి నవ్వాడు.

"రోహిణీ కార్తెలో మొక్కలేటి బాబూ? రోళ్ళు పగిలిపోయే ఎండ. పెనం మీద పాతినట్టుంటాది."

డిగ్రీలు చదువుతున్న నలుగురికీ ఆ మాత్రం తెలియలేదు. మొక్కల్ని మామిడిచెట్టు నీడన పెట్టించి, మా చేతికి గునపాలూ పారలూ ఇచ్చాడు. ఇప్పుడు చెయ్యాల్సింది నాటడం కాదట, గోతులు తియ్యడమట. ఒక్కో గొయ్యి మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క పొయ్యాలి. అలా వదిలేస్తే నెల్లాళ్ళ ఎండకి మట్టిలో ఉన్న పురుగూ, గుడ్డూ, కలుపు గింజా మాడిపోతాయి. తొలకరి వానలు పడ్డాక, చివికిన గత్తంతో పైమట్టి కలిపి గొయ్యి పూడ్చి అప్పుడు మొక్క పెట్టాలి. వ్యవసాయశాఖ వాళ్ళూ ఈ మాటే చెబుతారని తర్వాత తెలుసుకున్నాను.

ఉదయం ఆరింటికి మొదలెట్టి పదింటికి నలుగురం కలిసి మూడు గోతులు తీశాం. ఇంజనీరింగ్ మిత్రుడు గునపం ఏ కోణంలో దిగితే బలం తక్కువ పడుతుందో వివరిస్తూ సగం సేపు గడిపేశాడు. వివరణ అయ్యేలోగా తాత ఒక్కడూ రెండు గోతులు తీసేశాడు. నా అరచేతుల్లో నాలుగు బొబ్బలు. మహారాజు చేతుల్లా ఉన్నాయిరా అని మా అమ్మ మురిసిపోయే చేతులవి. మహారాజుల చేతులు ఎందుకు పనికొస్తాయో ఆవేళ తెలిసింది!

ఇక హాయి సంగతి. అది లేదని అనను. ఉంది, పుష్కలంగా ఉంది. నూతి గట్టు దగ్గర స్నానాలు. మామిడికాయ పప్పు, చల్ల మిరపకాయలు. తాత చెట్టెక్కి కోసిచ్చిన తాటి ముంజెలు వేలితో పొడిచి తాగడం. చెట్టు కింద నులకమంచం మీద పడుకుంటే, పన్నెండు గంటల ఎండలో కూడా ఆ నీడ ఎంత చిక్కగా ఉందో! మూడింటికి గాలి తిరిగి సముద్రం వైపు నుంచి చల్లగా వస్తుంది. పాత వారపత్రికలు తిరగేస్తూ, ఎవడి కష్టాలు వాడు చెప్పుకుంటూ కూర్చున్నాం. ఆ రాత్రి ఆరుబయట పడుకుంటే పట్టిన నిద్ర పరీక్షల ముందు ఒక్కనాడూ పట్టలేదు. బుర్ర అలసి పడుకోవడం వేరు, ఒళ్ళు అలసి పడుకోవడం వేరు.

సాయంకాలాలు తాత మాకు నీళ్ళు పొయ్యడం నేర్పాడు. నవ్వకండి. అదీ నేర్చుకోవలసిన విద్యే. మేం చెంబుతో మొక్క మొదట్లో గుమ్మరిస్తుంటే ఆపాడు. పాదు మొదలుకి ఎడంగా, వెడల్పుగా చెయ్యాలి. నీళ్ళు నిదానంగా, లోపలికంటా ఇంకేలా పొయ్యాలి. రోజూ చెంబుడు పోస్తే పైమట్టే తడుస్తుంది, వేరు పైపైనే తిరుగుతుంది. నాలుగు రోజులకోసారి రెండు బకెట్లు పోస్తే వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. పాదులో కొబ్బరి డొక్కలు పాతిపెడితే తడి నిలుస్తుంది. ఇంకో ఉపాయం కుండ. అడుగున చిన్న చిల్లి పెట్టి, గుడ్డపీలిక దూర్చి, మొక్క పక్కన మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెడతారు. మట్టి ఎండే కొద్దీ కుండలో నీళ్ళు నెమ్మదిగా ఊరుతాయి. నింపడం మాత్రం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని నింపాలి.

ఆదివారం సాయంత్రానికి పన్నెండు గోతులూ పూర్తయ్యాయి. వాటి పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నాం. పారలు భుజాన పెట్టుకుని, సినిమాలో రైతుల్లా. ఫొటోలు బస్సెక్కకముందే ఊరంతా తిరిగాయి. "మేం తోట వేశాం" అని మా రూమ్మేటు తాతతో గర్వంగా అన్నాడు. తాత మొక్కల వైపు చూసి, మా వైపు చూసి, వెటకారమేమీ లేకుండానే అడిగాడు:

"బాగుంది బాబూ. మరి సోమారం నీల్లెవులు పోస్తారు?"

జవాబు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మా మౌనం చూసి నొచ్చుకున్నామనుకున్నాడో ఏమో, తనే మాట మార్చి సొంతగోడు చెప్పాడు. ఆయనది ఈ ప్రాంతం కాదు. గాజువాక అవతల ఊరు. 1970లలో ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చిన ఊళ్ళలో అదొకటి. అప్పటికి పదేళ్ళవాడు. ఇల్లు ఖాళీ చేసి సామానంతా బండి మీద వేశాక, వాళ్ళమ్మ కడవ చంకనెత్తుకుని పెరట్లోకి వెళ్ళి మామిడిమొక్కకి నీళ్ళు పోసిందట. "ఎల్లిపోతన్నాం కదే, ఇంకెందుకే అని మా అయ్య కసిరీనాడు బాబూ. దాహం ఏ రోజుది ఆ రోజే గదా అనీసింది మా యమ్మ." ఇంతే చెప్పి బీడీ ముట్టించుకున్నాడు.

తిరుగు బస్సులో, నేనిందాక చెప్పానే, ఆ నాలుగోవాడు నోరు విప్పాడు. విజయనగరం వైపు మెట్ట పల్లెవాడు. గోతులన్నిటిలోకీ ఎక్కువ తవ్వింది వాడే, తక్కువ మాట్లాడిందీ వాడే. "మీకు ఇది సరదాగా ఉందిరా. నేను ఎనిమిదో ఏటి నుంచీ మోసిన నీళ్ళివి. ఇది తప్పుతుందనే మా నాన్న నన్ను చదువుకి పంపాడు. మీరు దీనికోసం బస్సు టిక్కెట్టు కొనుక్కుని వస్తున్నారు" అన్నాడు. మాకు కోపం రాలేదు. సిగ్గేసింది.

వాడి మాటలో నిజముంది. తోటపని ఎందుకు హాయిగా ఉంది? ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యవచ్చు కాబట్టి. బొబ్బ లేస్తే పార కింద పెట్టవచ్చు కాబట్టి. పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవారు ఊరి వెలుపల తోటిల్లు కట్టుకోవడం ఇప్పుడు గొప్ప వేడుకైంది. భీమిలి వైపూ, ఆనందపురం వైపూ ప్రహరీగోడలు లేస్తున్నాయి. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నలుగురూ మట్టి ముట్టుకోవడం మంచిదే. కానీ శని ఆదివారాల తోట ఏదైనా సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంకొకరి చేతుల మీద బతుకుతోంది. ఆ చేతులకి ఫొటోలో చోటు లేదు. చాలాచోట్ల వాటికి దక్కే జీతమూ అంతంత మాత్రమే.

ఇది ఒక్క తోటింటి జబ్బే అయితే ఇంత రాయవలసిన పని లేదు. దేశమంతటా ఇదే తంతు. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం ప్రారంభించారు. సదాశయమే, ఎవరు కాదంటారు? నాటినుంచీ ఏటా వానాకాలంలో నాటుతూనే ఉన్నాం. రిబ్బను కత్తిరించి, ఒక పెద్దమనిషి ఒక చెంబు నీళ్ళు పోసి, చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు అందుకుంటారు. ఎన్ని నాటామో మర్నాడు పేపర్లో పడుతుంది. ఎన్ని బతికాయో ఏ పేపర్లోనూ పడదు. వచ్చే ఏడు అదే గోతిలో మరో మొక్క పెట్టినా అడిగే నాథుడు లేడు. వనమహోత్సవానికి వచ్చే జనంలో పదోవంతు వేసవి మహోత్సవానికి వచ్చినా మన రాష్ట్రం ఈపాటికి దండకారణ్యమై ఉండును!

మన విశాఖకి చెట్టు విలువ వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో మన ఊరి మీద పడింది. విశ్వవిద్యాలయ ఆవరణలో, జూపార్కులో, కైలాసగిరి మీద, వీధి వీధినా చెట్లు కూలాయి. తెల్లారి చూస్తే ఊరు గుండు కొట్టించుకున్నట్టుందని పెద్దలు చెబుతారు. తర్వాత లక్షల మొక్కలు నాటుదామన్న సంకల్పాలు మిన్నంటాయి. అయితే చెట్టు గాలికి నిలవడమనేది చాలావరకు వేరుని బట్టి ఉంటుంది. ప్లాస్టిక్ సంచీలో ఎక్కువకాలం ఉండి, వేళ్ళు చుట్టలు చుట్టుకున్న మొక్కని అలాగే పాతిపెడితే, అది పైకి ఎంత పెరిగినా కింద పట్టు ఉండదు. పైపై నీళ్ళతో పెరిగిన దానికీ అంతే. అంటే రేపటి తుఫానుకి ఏ చెట్టు నిలుస్తుందో, ఏది పడుతుందో, ఇవాళ నీళ్ళు పోసే చెంబు దగ్గరే కొంత తేలిపోతోందన్నమాట.

ఇంకోమాట. ఈ ఊరు పోర్టు ఊరు, ఉక్కు ఊరు. 1933లో రేవు తెరుచుకుంది. 1966లో ఉక్కు కోసం ఆంధ్రదేశమంతా లేచింది, విద్యార్థులు ముందు నిలిచారు, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. శంకుస్థాపనకీ అంకితానికీ మధ్య 21 ఏళ్ళు! రాయి వేసిన రోజు ఫొటోలు అందరూ చూశారు. ఆ 21 ఏళ్ళలో ప్రతి సోమవారం పనిలోకి వెళ్ళినవాళ్ళ ఫొటోలు ఎవరు చూశారు? రేవులో ఓడకి ఆదివారం లేదు. బ్లాస్ట్ ఫర్నేసుకి పండగ సెలవు లేదు. అందుకే ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని మూడు పూటలా మనుషులు మారతారు గానీ పని మాత్రం ఆగదు. ఈ విద్య మన ఊరికి కొత్త కాదు. మనలో ఎందరి ఇళ్ళల్లోనో తండ్రులు షిఫ్టు డ్యూటీలు చేసినవారే. దీన్నే మొక్కలకి ఎందుకు వర్తింపజెయ్యకూడదు?

మన కాలేజీ లెక్క చూడండి. జులై, ఆగస్టుల్లో ఉత్సాహంగా నాటుతాం. వానలున్నన్నాళ్ళు మొక్క తనంతట తానే బతుకుతుంది. మార్చి నుంచి దానికి మనం కావాలి. సరిగ్గా అప్పుడే మనం పుస్తకాల్లో పడతాం. ఏప్రిల్, మే వచ్చేసరికి పెట్టెలు సర్దుకుని రైలెక్కుతాం. మొక్కకి మన అవసరం పడ్డ రెండు మూడు నెలలే మనం ఇక్కడ ఉండని నెలలు. ఇది ఎవరి తప్పూ కాదు, క్యాలెండరు అలా ఉంది. కానీ క్యాలెండరు తెలిసి కూడా ఏటా అలాగే నాటడం మాత్రం మన తప్పే.

కనుక యూనియన్ వారికి నా మనవి ఇది. మొదటిది, వందలు నాటవద్దు. నీళ్ళు పొయ్యగలిగినన్నే నాటండి. ముప్ఫై అయినా చాలు. వేప, కానుగ, పొన్న, నేరేడు వంటి మన నేల ఎరిగిన జాతులు పెట్టండి. రెండవది, ఒక రిజిస్టరు పెట్టండి. ప్రతి మొక్కకీ ఇద్దరి పేర్లు రాయండి. ఒకరు హాస్టల్ విద్యార్థి, మరొకరు ఊళ్ళో ఉండే డే స్కాలరు. టర్ము రోజుల్లో మొదటివారిది డ్యూటీ, వేసవిలో రెండవవారిది. చదువు ముగించి వెళ్ళేవారు తమ మొక్కని జూనియర్‌కి అప్పగించి సంతకం పెట్టించుకోవాలి. మూడు వేసవులు దాటితే మొక్క దాదాపు తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. మూడవది, వార్షికోత్సవంలో ఎన్ని నాటామో చదవవద్దు. నిరుడు నాటినవి ఎన్ని బతికి ఉన్నాయో చదవండి. ఆ లెక్క ఈ సావనీర్‌లోనే అచ్చు వెయ్యండి.

మాలీలు ఉన్నారుగా అంటారు కొందరు. ఉన్నారు. వారి పని వారు చేస్తూనే ఉన్నారు. మనం నాటి మన పేరు చెప్పుకున్న మొక్కని వారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. తాగడానికే నీళ్ళు లేవంటారు మరికొందరు. ఈ అభ్యంతరం గట్టిదే. తాటిపూడి నుంచీ, రైవాడ నుంచీ, మేఘాద్రిగెడ్డ నుంచీ, ఏలేరు కాలువ నుంచీ వచ్చే నీళ్ళతో ఈ మహానగరం వేసవి గడుపుతోంది. కాని మెస్సులో రోజూ బియ్యం కడిగిన నీళ్ళూ, కూరలు కడిగిన నీళ్ళూ ఎటు పోతున్నాయి? ముప్ఫై మొక్కలకి నాలుగు రోజులకోసారి కావలసింది ఆ తూములోనే పోతోంది. ఇక చదువు పాడవుతుందనే వారికి చెప్పవలసిందేమీ లేదు. రెండు బకెట్లు మోయడానికి పావుగంట పడుతుంది. క్యాంటీన్లో ఒక టీకి మనం పెట్టే సమయం అంతకంటే ఎక్కువ.

ఇన్ని నీతులు చెప్పాను కాబట్టి నా సంగతీ చెప్పాలి. జులైలో మళ్ళీ వెళ్ళి, ఆ పన్నెండు గోతుల్లోనూ పన్నెండు మొక్కలు పెట్టి వచ్చాం. సంక్రాంతి సెలవుల్లో చూస్తే తొమ్మిదే ఉన్నాయి. ఒకటి మేక నమిలింది. రెండు ఎండిపోయాయి. అక్టోబరు తర్వాత వానలు ముఖం చాటేసిన రోజుల్లో తాతకి జ్వరం వచ్చి పది రోజులు మంచం దిగలేదట. కుండలు నింపేవారు లేరు. ఆ కబురు మా రూమ్మేటుకి ఫోన్‌లో అందింది. మేం గంటన్నర బస్సు ప్రయాణం దూరంలోనే ఉన్నాం. ఒక ఆదివారం పోదాంలే అనుకున్నాం. సినిమాకి పోయాం.

అయితే ఎండిపోయిన రెండింటి సరసనే ఉన్న మూడోది మాత్రం పచ్చగా ఉంది. ఎలాగా అని తాతని అడిగాను. "ఆ ఇజీనారం బాబు వచ్చీవోడు గదా" అన్నాడు. మా నాలుగోవాడు! పండక్కి ఊరెళుతూ ఒకసారి, మామూలు రోజుల్లో రెండుసార్లు ఎవరికీ చెప్పకుండా దిగి, తన మొక్కకి నీళ్ళు పోసి, తాతకి మందులిచ్చి, మళ్ళీ బస్సెక్కాడట. పక్క మొక్కలకీ పొయ్యలేకపోయావా అంటే, "అవి మీవి కదరా. మీరొస్తారనుకున్నాను" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఎండలు ముదురుతుంటాయి. మన లైబ్రరీ పక్కన నిరుడు పెట్టిన కానుగ మొక్క ఒకటి, ఇనుప గార్డు లోపల నాలుగు ఆకులతో నిలబడి ఉంది. దానికి ఒక పేరు నాది రాసుకున్నాను. నేను మే నెలలో ఊళ్ళో ఉండను. రెండో పేరు ఖాళీగా ఉంది. విశాఖలో కాపురముండే మిత్రులెవరైనా ముందుకు రావలసిందిగా ప్రార్థన. బకెట్టు హాస్టల్ వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళతాను.